పైసల మీద వినకూడని ఎనిమిది సలహాలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో పైసలు ముఖ్యంగా నాలుగు దారుల్లో ఇంటికొస్తాయి. వడ్లు అమ్మితే ఖాతాలో పడేవి, బీడీలు చుట్టినందుకు కార్ఖానా ఇచ్చేవి, దుబాయ్, మస్కట్‌ల నుంచి కొడుకో భర్తో పంపేవి, జాగ అమ్మితే ఒక్కసారే చేతికొచ్చేవి. పైసలు వచ్చిన వారంలోపే సలహాలు కూడా వస్తాయి. చాయ్ హోటల్ కాడ ఒకరు, పెండ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న చుట్టం ఒకరు, ఫోన్‌లో ఫార్వర్డ్ అయిన మెసేజ్ ఒకటి. చెప్పేవాళ్ళలో చాలామంది మన మేలు కోరేవాళ్ళే. అందుకే ఆ మాటలు తేలిగ్గా మనసుకెక్కుతాయి.

ఇక్కడ రాసినవి అలా వినిపించే సలహాలే, వినిపించే మాటల్లోనే. ఎనిమిదీ తప్పే. ఏ సలహా ఎందుకు తప్పో, దాన్ని నమ్మినవాళ్ళకు ఇదివరకు ఏం జరిగిందో, దాని బదులు ఏం చేయాలో ఒక్కోటిగా చెబుతాను. ఎనిమిదింటిలోనూ ఒకే లోపం ఉంది. ఒక సలహా కళ్ళు మూసుకుని నమ్మమంటుంది, ఇంకొకటి కళ్ళు మూసుకుని భయపడమంటుంది. ఏదీ ప్రశ్న అడగనివ్వదు.

1. "అమెరికాల బ్యాంకు మునిగితే మనకేంది?"

2008 సెప్టెంబరు 15న న్యూయార్క్‌లో లేమాన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు ఎల్లారెడ్డిలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఎందరుంటారు? అయినా ఆ దెబ్బ ఇక్కడిదాకా వచ్చింది, దుబాయ్ మీదుగా వచ్చింది. అక్కడ టవర్లు లేచిందే అప్పు మీద. ప్రపంచంలో బ్యాంకులు ఒకదాన్నొకటి నమ్మడం మానేసి అప్పులు ఆపేయగానే కట్టడాలు నిలిచిపోయాయి. 2009 నవంబరులో దుబాయ్ ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్, అప్పుల చెల్లింపు వాయిదా వేయమని కోరాల్సి వచ్చింది. అప్పటికే కంపెనీలు కూలీలను ఇండ్లకు పంపడం మొదలుపెట్టాయి. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల మనుషులు సంచులతో దిగారు. కామారెడ్డి అప్పుడు నిజామాబాద్ జిల్లాలోనే ఉంది.

వచ్చినవాళ్ళకు ఉద్యోగం పోవడం ఒక దెబ్బ. వీసా కోసం ఏజెంటుకు కట్టిన పైసలు నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి కావడం దానికన్నా పెద్ద దెబ్బ. జీతం ఆగింది గానీ మిత్తి ఆగలేదు.

కాబట్టి గల్ఫ్ పైసలు వచ్చే ఇల్లు మొదట చేయాల్సింది ఇల్లు పెంచడం కాదు, మిత్తి అప్పు తీర్చడం. రెండోది, ఆరు నెలలు ఇల్లు గడిచేంత సొమ్ము సేవింగ్స్ ఖాతాలోనో చిన్న ఎఫ్‌డీలోనో వేరుగా ఉంచడం. వీసా ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. భూమి పట్టా కుదువ పెట్టి విమానం ఎక్కవద్దు.

2. "మనోడే గదా, ఏం కాదు"

మన ఊళ్ళలో డిపాజిట్ కంపెనీలు టీవీ ప్రకటనలతో రావు, మనిషిని పంపిస్తాయి. ఆ మనిషి మనకు బామ్మర్ది అవుతాడు, లేకపోతే పిల్లలకు ట్యూషన్ చెప్పే సార్ అవుతాడు. ఆయన కూడా తన పైసలు పెట్టే ఉంటాడు, నమ్మే ఉంటాడు. ఆయన నిజాయితీపరుడు కావచ్చు. కానీ మన పైసలు ఆయన దగ్గర ఉండవు కదా.

అగ్రిగోల్డ్ అలాగే పెరిగింది. 1995లో విజయవాడ కేంద్రంగా మొదలై, పొలాలు, ప్లాట్లు చూపించి అనేక రాష్ట్రాల్లో డబ్బు సేకరించింది. 2014 చివరికి చెల్లింపులు ఆగిపోయాయి. బాధితులు దాదాపు 32 లక్షల మంది, రావాల్సింది 6,000 కోట్ల పైమాటే. తెలంగాణ ఖాతాదారులు, ఏజెంట్ల సంఘం హైకోర్టుకెక్కింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాష్ట్రం వాళ్ళలో 10,000 లోపు కట్టినవారికి 2019లో, 20,000 లోపు కట్టినవారికి 2021లో ఖజానా నుంచి ఇచ్చింది. ఎక్కువ కట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి వేలం కోసం, కోర్టు కోసం ఎదురుచూస్తూనే గడిపారు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ నలిగింది ఏజెంట్లే. కంపెనీ ఎక్కడో ఉంటుంది, తిట్టడానికి ఇంటి ముందు దొరికేది ఏజెంటే.

ఇలాంటి కంపెనీలు ఇచ్చే బాండును ఒకసారి దగ్గరగా చూడండి. కాగితం మందంగా ఉంటుంది, అంచులకు పువ్వుల డిజైను ఉంటుంది. పైన "కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయినది" అని పెద్ద అక్షరాలు, ఒక పొడుగాటి నంబరు. కింద అచ్చు వేసిన సంతకం. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో, ఇది డిపాజిట్ కాదని, భూమికో సరుకుకో ముందుగా కట్టిన అడ్వాన్సని రాసి ఉంటుంది. ముందు వైపు చూసి మనం పైసలిస్తాం, వెనక వైపు చూసి కోర్టు తీర్పిస్తుంది.

కంపెనీ రిజిస్ట్రేషన్ అంటే ఆ పేరుతో ఒక కంపెనీ పుట్టిందని మాత్రమే. జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి వేరే అనుమతి కావాలి. అది ఇచ్చింది రిజర్వు బ్యాంకా, సెబీనా, మరొక అధికారా అని అడగాలి. ఆర్‌బీఐ 2016లో పెట్టిన 'సచేత్' పోర్టల్‌లో ఆ సంస్థకు డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో చూడవచ్చు. చదువుకున్న పిల్లలుంటే పది నిమిషాల పని. "మనోడే" అయితే ఆ పది నిమిషాలు ఆగుతాడు. ఆగలేనంటే ఇవ్వవద్దు.

3. "మిత్తి ఎక్కడ ఎక్కువస్తే ఆడ పెట్టు"

నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు ఏడాదికి 24,000. బ్యాంకు ఎఫ్‌డీలో 7 శాతం అనుకుంటే 7,000. ఈ 17,000 తేడా చూసే మనిషి మనసు మారుతుంది. కానీ లెక్క అవతలి వైపు నుంచి కూడా చేయాలి. మనకు 24 శాతం ఇచ్చేవాడు, ఏజెంటు కమీషన్, ఆఫీసు కిరాయి, కార్లు, తన లాభం అన్నీ కలిపి ఏడాదికి 35, 40 శాతం సంపాదించాలి. ఏ పంట, ఏ రైస్ మిల్లు, ఏ వెంచరు ఏటా, తప్పకుండా, అంత లాభం ఇస్తుంది? ఇవ్వదు. అప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళ అసలు తీసి పాతవాళ్ళకు మిత్తిగా ఇస్తారు. మొదటి రెండేళ్ళు మిత్తి ఠంచనుగా వచ్చిందని ధైర్యపడవద్దు, ఆ పద్ధతి నడిచేదే అలాగ.

బ్యాంకు అనే బోర్డు ఉన్నా ఈ లెక్క మారదు. 2001 నుంచి రెండు మూడేళ్ళలో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కృషి, ప్రుడెన్షియల్, చార్మినార్ సహకార అర్బన్ బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. అదే 2001 మార్చిలో అహ్మదాబాద్‌లో మాధవ్‌పుర మర్కంటైల్ సహకార బ్యాంకు కూలింది. పింఛను డబ్బు, బిడ్డ పెండ్లి డబ్బు పెట్టుకున్నవాళ్ళు మూసిన షట్టర్ల ముందు నిలబడ్డారు. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే.

చిట్టీలకూ ఇదే కొలత. చిట్టీ చెడ్డది కాదు, 1982 చట్టం కింద నడిచే చిట్టీకి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు ఉంటుంది, నడిపేవాడు సెక్యూరిటీ కట్టి ఉంటాడు. ఆ నమోదు నంబరు పాస్‌బుక్ మీద లేకపోతే అది నోటి మాట మీద నడిచే చిట్టీ. ఎత్తినవాళ్ళు కట్టకపోతే మిగిలినవాళ్ళ పైసలకు దిక్కుండదు.

4. "బ్యాంకు మునుగుతదట, ఇయాల్నే తీసుకో"

ఎనిమిదింటిలో ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే. తీసుకున్నవాడితో పాటు తీసుకోనివాడూ నష్టపోతాడు.

2018 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. యాసంగి వడ్లు కోతకొచ్చాయి, పెండ్లి ముహూర్తాలున్నాయి. కామారెడ్డిలో ఏటీఎంల ముందు "నో క్యాష్" అని అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి దారంతో వేలాడదీశారు. ఒక ఏటీఎంలో పైసలు పెట్టారని తెలిస్తే గంటలో లైను రోడ్డెక్కేది, రెండు గంటల్లో షట్టర్ సగం దిగేది. బ్యాంకు లోపల క్యాషియరు, లక్ష అడిగినవాళ్ళ చేతిలో పదివేలు పెట్టి రేపు రమ్మనేవాడు. రాష్ట్రమంతా అంతే, పక్క రాష్ట్రాల్లోనూ అంతే. ఏప్రిల్ 17న ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ, కొన్ని ప్రాంతాల్లో నగదుకు ఉన్నట్టుండి గిరాకీ పెరిగిందని ప్రకటించాల్సి వచ్చింది.

కారణాలు చాలా చెప్పారు. వాటిలో ఒకటి భయం. 2017 ఆగస్టులో కేంద్రం పార్లమెంటులో ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు పెట్టింది. బ్యాంకు కష్టాల్లో పడితే దాని అప్పుల భారాన్ని ఆ బ్యాంకుకు డబ్బిచ్చినవాళ్ళ మీదా కొంత వేసే వీలు కల్పించే నిబంధన అందులో ఉంది. అది వాట్సాప్‌లోకి దిగేసరికి, మీ డిపాజిట్లు సర్కారు గుంజుకుంటది అనే మాటగా మారింది. 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు చూసిన జనం అది. ఆ భయాన్ని తప్పు పట్టలేం. కానీ జరిగిందేమిటి? ఆ బిల్లును 2018 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. ఆ బిల్లు వల్ల ఏ డిపాజిటరు సొమ్మూ పోలేదు. నష్టపోయినవాళ్ళు మాత్రం ఉన్నారు. వడ్ల పైసలు ఖాతాలో ఉండి కూడా కోత మిషను కిరాయి ఇవ్వలేని రైతు, దవాఖానకు పోవడానికి చేతిలో నోటు లేని ముసలామె.

బ్యాంకు మన పైసలను పెట్టెలో పెట్టి కాపలా కాయదు. అప్పట్లో నూటికి 4 రూపాయలు ఆర్‌బీఐ దగ్గర నగదు నిల్వగా, మరో 19.50 రూపాయలు ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలన్నది నిబంధన. మిగిలింది పంట రుణంగా, సంఘం లోనుగా, మిల్లు అప్పుగా బయట తిరుగుతుంది. నిజాంసాగర్ నిండుగా ఉన్నా ఆయకట్టు మొత్తానికి ఒకే రోజు నీళ్ళు వదలమంటే కాలువ మోయలేదు, వంతుల వారీగా ఇస్తేనే చివరి మడి తడుస్తుంది. బ్యాంకు నగదు కూడా అంతే. మంచి బ్యాంకు కూడా అందరూ ఒకే రోజు వస్తే ఇవ్వలేదు. ఇవ్వలేదన్న వార్త భయాన్ని ఇంకా పెంచుతుంది. పుకారు అబద్ధమైనా దాన్ని నమ్మి లైను కడితే అది నిజమై కూర్చుంటుంది.

తీసి ఇంట్లో పెట్టుకుంటే భద్రమా? నోట్ల రద్దు రోజు దేశంలో చలామణిలో ఉన్న నోట్ల విలువలో నూటికి 86 వంతులు చెల్లకుండా పోయాయి. 2023 మే 19న 2,000 నోటును ఉపసంహరిస్తున్నట్టు ఆర్‌బీఐ ప్రకటించింది. బీరువాలో దాచినవాళ్ళే రెండుసార్లూ లైన్లలో నిలబడ్డారు. దొంగలు, చెదలు, అగ్గి సంగతి చెప్పనక్కర్లేదు. నెల ఖర్చుకు సరిపడా నగదు ఇంట్లో ఉంచండి, మిగిలింది ఖాతాలో ఉండనివ్వండి. బ్యాంకు గురించి ఏదైనా వింటే ఆర్‌బీఐ ప్రకటన వచ్చిందా అని మొదట అడగండి. రాకపోతే ఆ మెసేజ్‌ను ముందుకు పంపవద్దు.

బ్యాంకులకూ ఒక మాట. ఆ అట్టముక్క మీద "నో క్యాష్" అన్న రెండు మాటల కింద నగదు ఎప్పుడొస్తుందో, డిపాజిట్లు ఎందుకు భద్రమో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి ఉంటే సగం లైను ఇంటికి పోయేది. జనం నమ్మకం అడిగే హక్కు, జనానికి వివరం చెప్పేవాళ్ళకే ఉంటుంది.

5. "సర్కారు బీమా ఉంది, ఎంతైనా పెట్టు"

ఇది సగం నిజం. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలినప్పుడు దేశం ఉలిక్కిపడింది, 1962 జనవరి 1 నుంచి డిపాజిట్ బీమా వచ్చింది. ఇప్పుడు దాన్ని చూసేది ఆర్‌బీఐ అనుబంధ సంస్థ డీఐసీజీసీ. ప్రీమియం బ్యాంకు కడుతుంది, మన ఖాతాలోంచి తీయకూడదు. 1993 నుంచి లక్షగా ఉన్న పరిమితిని 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు చేశారు. 2021 సవరణ తర్వాత, ఆర్‌బీఐ ఏదైనా బ్యాంకు మీద ఆంక్షలు పెడితే బీమా సొమ్ము 90 రోజుల్లో అందాలి.

చూడాల్సిన మెలికలు నాలుగు. మొదటిది, ఆ 5 లక్షల్లో మిత్తి కూడా కలిసే ఉంటుంది. 4,80,000 ఎఫ్‌డీకి 40,000 మిత్తి చేరితే మొత్తం 5,20,000. బీమా 5 లక్షలకే. రెండోది, ఒకే బ్యాంకుకు కామారెడ్డి బ్రాంచిలో ఒక ఖాతా, ఎల్లారెడ్డి బ్రాంచిలో ఒక ఖాతా ఉన్నా రెండూ కలిపి ఒక్కటే లెక్క. వేరే బ్యాంకులో పెడితేనే వేరే 5 లక్షలు. మూడోది, భర్త పేర ఒకటి, భార్య పేర ఒకటి, ఇద్దరి పేర జాయింట్‌గా ఒకటి ఉంటే మూడూ విడివిడిగా లెక్కకొస్తాయి.

నాలుగోది మన పల్లెలకు చాలా ముఖ్యం. వాణిజ్య బ్యాంకులు, తెలంగాణ గ్రామీణ బ్యాంకు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఈ బీమా కిందికి వస్తాయి. ఊళ్ళోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, అంటే మనం సొసైటీ అనేది, రాదు. సొసైటీలో ఎరువులు కొనండి, పంట రుణం తీసుకోండి, వడ్లు అమ్మండి. పెద్ద డిపాజిట్ పెట్టే ముందు మాత్రం ఈ సంగతి గుర్తుంచుకోండి. చిట్టీ కంపెనీలకు, డిపాజిట్ కంపెనీలకు ఈ బీమా అసలే లేదు.

జాగ అమ్మి 20 లక్షలు వస్తే ఒక్క బ్యాంకులో ఒక్క పేర పెట్టకండి. రెండు మూడు బ్యాంకుల్లో, ఇద్దరు ముగ్గురి పేర్ల మీద పంచండి. నామినీ పేరు రాయించండి. మర్యాదగా చూసే మేనేజరు మాట కాదనలేక మొత్తం ఒకే చోట పెట్టడం మర్యాద కిందికి రాదు.

6. "బ్యాంకు షేరు అగ్గువకొచ్చింది, కొను"

బ్యాంకులో డిపాజిట్ పెట్టినవాడు బ్యాంకుకు అప్పిచ్చినవాడు. షేరు కొన్నవాడు బ్యాంకులో భాగస్తుడు. బ్యాంకు కష్టాల్లో పడ్డప్పుడు ఇద్దరికీ జరిగేది ఒకటి కాదు.

సికింద్రాబాద్‌లో 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథ మన రాష్ట్రానిదే. రమేష్ గెల్లి ఆధ్వర్యంలో మొదలై కొత్త తరం బ్యాంకుగా పేరు తెచ్చుకుంది. కేతన్ పరేఖ్ షేర్ల కుంభకోణంలో చిక్కుకుంది, మొండి బకాయిలు బయటపడ్డాయి. 2004 జులై 24న కేంద్రం మారటోరియం పెట్టింది, ఒక్కో ఖాతా నుంచి 10,000 రూపాయలకు మించి తీయకూడదంది. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేసింది. డిపాజిటర్ల పైసలు దక్కాయి. షేర్లు ఉన్నవాళ్ళకు ఒక్క పైసా రాలేదు.

2020 మార్చి 5న యెస్ బ్యాంకు వంతు వచ్చింది. 50,000 పరిమితి పెట్టారు, మార్చి 18న ఎత్తేశారు, డిపాజిటర్లు బయటపడ్డారు. 2018 ఆగస్టులో 400 రూపాయల దగ్గర ఉన్న షేరు, మారటోరియం మర్నాడు 20 దిగువకు పోయింది. వందకు మించి షేర్లున్నవాళ్ళ షేర్లలో నాలుగింట మూడు వంతులను మూడేళ్ళు అమ్మకుండా కట్టేశారు.

ఆడిటరు సంతకం ఉంది కదా అని ధైర్యపడేవాళ్ళకు సత్యం కంప్యూటర్స్ కథ చాలు. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు, కంపెనీ లెక్కలు అబద్ధమని తానే ఉత్తరం రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి వచ్చింది.

షేర్లు కొనవద్దని కాదు. పదేళ్ళు ముట్టనక్కర్లేని సొమ్ముతో కొనండి. బిడ్డ పెండ్లికి దాచింది, వచ్చే ఏడు బోరు వేయడానికి ఉంచింది, పడిపోతున్న షేరులో పెట్టవద్దు. నిన్నటి కన్నా అగ్గువ అయింది కాబట్టి రేపు పెరగాలనే నియమం ఎక్కడా లేదు.

7. "అప్పు కట్టకు, మాఫీ అయితది"

నిజాంసాగర్ దాటితే పొరుగునే నారాయణఖేడ్. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 1998లో పని మొదలుపెట్టింది ఆ ప్రాంతంలోనే. ఐదుగురు ఆడవాళ్ళు ఒక గ్రూపు, వారానికో మీటింగు. పొద్దున్నే చాపల మీద వరుసగా కూర్చోవాలి, కొంగున ముడేసిన కిస్తీ తీసి ఇవ్వాలి. ఒకామె రాకపోతే మిగిలిన నలుగురూ ఆమె కిస్తీ సర్దాలి, అప్పటిదాకా ఎవరూ లేవడానికి లేదు. వసూళ్ళు నూటికి 99 వంతుల దాకా వచ్చేవి. ఆ అంకె చూసి బ్యాంకులు ఈ కంపెనీలకు అప్పులిచ్చాయి, కంపెనీలు ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులిచ్చాయి. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. 2010లో ఎస్‌కేఎస్ షేర్లను 985 రూపాయల ధరకు జనానికి అమ్మారు. అదే ఏడాది అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి.

2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వేధింపులు ఆపడానికి అది అవసరమే. కానీ దానితో పాటు "ఇక ఎవరూ కట్టనక్కర్లేదు" అనే మాట ఊరూరా తిరిగింది. వసూళ్ళు కుప్పకూలాయి. అప్పులిచ్చిన బ్యాంకులు బకాయిలను తిరగరాసుకోవాల్సి వచ్చింది. 2012కి ఎస్‌కేఎస్ షేరు 100 దిగువకు పడింది. ఆడవాళ్ళకేం మిగిలింది? పాత అప్పు పుస్తకంలోనే ఉంది, కొత్త చిన్న అప్పు పుట్టలేదు. పిల్లల ఫీజుకు, పురిటి ఖర్చుకు మళ్ళీ షావుకారి గుమ్మమే ఎక్కారు.

పంట రుణమూ ఇంతే. 2024 జులై, ఆగస్టుల్లో రాష్ట్రం 2 లక్షల వరకు మాఫీ చేసింది నిజమే. మాఫీ వస్తే సంతోషంగా తీసుకోండి. దాని మీద ఆశతో రెన్యువల్ ఆపకండి. పంట రుణం 7 శాతం, గడువులో కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, పడేది 4 శాతమే. 2 లక్షలకు ఏడాదికి 8,000. గడువు తప్పితే కనీసం 14,000, అలాగే వదిలేస్తే ఖాతా మొండి బకాయిలో పడుతుంది, రేపు కొడుకు చదువు లోనుకు పోతే ఆ మచ్చ ముందుకొస్తుంది. సంఘం లోను అయితే ఒక్కరు ఆపినా పది మంది అక్కాచెల్లెళ్ళ పేరు చెడుతుంది.

నిజంగా కట్టలేని స్థితి వస్తే దాక్కోకండి. పంట పోయిందనో, ఆయన దుబాయ్ నుంచి వాపస్ వచ్చాడనో బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి గడువు పెంచమని అడగండి. 2022 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేటప్పుడు, ఆ ఇంటి అన్ని కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. వసూలుకు పొద్దున 9 కన్నా ముందు, సాయంత్రం 6 దాటాక ఫోన్ చేయకూడదు. ఈ హక్కులు తెలిసినవాళ్ళు తల ఎత్తుకుని మాట్లాడగలరు, తల ఎత్తుకుని కట్టగలరు కూడా.

8. "ఊకో, బయటికి చెప్పకు, ఇజ్జత్ పోతది"

మోసపోయిన తర్వాత వచ్చే సలహా ఇది. అత్తగారింట్లో తెలిస్తే ఏమనుకుంటారో, ఊళ్ళో నవ్వుతారేమో అని భర్తకు చెప్పని భార్యలున్నారు, భార్యకు చెప్పని భర్తలున్నారు. ఆ మౌనం వల్ల బాగుపడేది మోసగాడే. మీరు నోరు విప్పకపోతే వాడు పక్క మండలంలో ఇంకో ఆఫీసు తెరుస్తాడు.

మోసపోవడం నేరం కాదు. మోసం చేయడం నేరం. డిపాజిటర్ల రక్షణకు మనకు 1999 నుంచి రాష్ట్ర చట్టం ఉంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చింది. ఆస్తులు జప్తు చేసి డిపాజిటర్లకు పంచే అధికారం వీటిలో ఉంది. కానీ జప్తు ఎంత తొందరగా జరిగితే అంత మిగులుతుంది. మొదటి నెల చెల్లింపు ఆగగానే నలుగురు కలిసి పోలీసు స్టేషన్‌కు పోండి. రసీదులు, బాండ్లు, ఫోన్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నిటికీ జిరాక్సులు తీసి ఒక ఫైలులో పెట్టండి. బాండు తిరిగి ఇచ్చేస్తే కొత్తది ఇస్తామంటే అసలు ఇవ్వవద్దు. ఫోన్‌లో, యాప్‌లో పైసలు పోతే గంటల్లోపే 1930కి ఫోన్ చేయండి. ఎంత ఆలస్యమైతే సొమ్ము అంత ఎక్కువ ఖాతాలు దాటుతుంది.

బ్యాంకుతోనే తగాదా అయితే మొదట బ్యాంకుకు రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఎక్కడైనా, ఎవరికైనా పైసలు ఇచ్చే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. పాస్‌బుక్ చివరి పేజీ మీద రాసిపెట్టుకోండి, ఇంట్లో చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి.

మా పైసలు తీసుకోవడానికి మీకు అనుమతి ఇచ్చింది ఎవరు?

బీమా ఉందా, ఉంటే ఎంతవరకు?

నడుమ అవసరం పడితే ఎన్ని రోజుల్లో, ఎంత కోతతో వాపస్ ఇస్తారు?

ఇవ్వకపోతే మేం ఎవరి దగ్గరికి పోవాలి?

ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద రావాలి. ఒక్కటి రాకపోయినా పైసలు ఇవ్వవద్దు, అడిగింది సొంత మేనమామ అయినా సరే.